పొల్లుకో బొటనవేలు

మా పక్క ఫ్లాట్ కుర్రాడు ఇంజినీరింగ్ మూడో ఏడు. పోయిన ఆదివారం లిఫ్టులో కలిసి, "అన్నా, సొంతంగా మెకానికల్ కీబోర్డు కడదామనుకుంటున్నా. ఏ స్విచ్చులు తీసుకోమంటారు?" అని అడిగాడు. ఫోన్లో అప్పటికే బోలెడు వీడియోలు దాచుకున్నాడు. ఒకటి పెట్టి చూపించాడు కూడా. మొహం కనపడని రెండు చేతులు, ఖరీదైన కీబోర్డు, పెంకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు.

"దాని మీద ఏం కొడతావు?" అన్నాను.

"అంటే... అన్నీ కొడతాను కదన్నా" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. ఈలోగా మా అంతస్తు వచ్చేసింది. వాళ్ళమ్మగారు తలుపు తీసుకుని నిలబడి ఉన్నారు.

లిఫ్టులో కుదరని జవాబు ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా కీబోర్డు కట్టేవాళ్ళకి దొరికే సలహా అంతా తలకిందులుగా ఉంది. ముందు స్విచ్చు (మెకానికల్ కీబోర్డులో ప్రతి మీట కిందా విడిగా ఉండేది), తర్వాత చప్పుడు, తర్వాత రంగు, ఆఖర్న ఎప్పుడో మీటల అమరిక. నన్నడిగితే మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఒకటే: ఇప్పుడున్న కీబోర్డుతో మీ వేళ్ళకి తగాదా ఏమిటి? తగాదా అంటూ ఏమీ లేకపోతే కట్టకండి, కొనుక్కోండి. ఇప్పుడు దుకాణాల్లో రెడీమేడ్‌గా దొరికేవి కూడా బాగానే ఉంటున్నాయి.

నాకు ఈ తెలివి ముందే ఉందని కాదు. 14,600 రూపాయలు పోశాక వచ్చింది.

మధ్యవేలి మొర

నా పని అనువాదం. ఎక్కువగా నిబంధనలు, కరపత్రాలు, శిక్షణ పుస్తకాలు. రోజంతా తెలుగు కొడతాను, అదీ ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే తెలుగు అక్షరాలకి నేరుగా మీటలుండే అమరికలో. లేఖిని లాంటి వాటిలో ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టేవాళ్ళతో నాకు పేచీ లేదు. తెలుగు మాటని మనసులో ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకుని, అది మళ్ళీ తెరమీద తెలుగయ్యేదాకా చూడటం నాకు పడదు, అంతే.

ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతాలు దాదాపు అన్నీ ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. కె నొక్కితే క, ఎల్ నొక్కితే త, జె నొక్కితే ర. పొల్లు గుర్తు డి మీద ఉంటుంది, అంటే ఎడమ మధ్యవేలి కింద. వత్తు రావాలంటే రెండు హల్లుల మధ్య ఆ పొల్లు కొట్టాలి. "ల్ల" కి ఎన్, డి, ఎన్. కుడి, ఎడమ, కుడి. "క్క" అయితే మరీ హాయి, రెండు చేతుల మధ్యవేళ్ళూ తాళం వేసినట్టు ఉంటుంది.

ఇక "అమ్మ" కొట్టి చూడండి. అ అంటే షిఫ్ట్ పట్టుకుని డి. మ అంటే సి. పొల్లు మళ్ళీ డి. మళ్ళీ మ, సి. డి, సి, డి, సి. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పే పద్ధతిలో సి కూడా ఎడమ మధ్యవేలిదే. నాలుగు దెబ్బలూ ఒక్క వేలే కొట్టాలి, మిగతా తొమ్మిదింటిలో షిఫ్ట్ పట్టుకునే చిటికెనవేలు తప్ప అన్నీ చూస్తూ కూర్చుంటాయి. "అమ్మ" ఏమీ మారుమూల మాట కాదు కదా. సొమ్ము, నమ్మకం, దమ్ము, తమ్ముడు, అమ్మకం, చెమ్మ... అన్నీ అంతే.

ఈ అమరిక చేసినవాళ్ళని తప్పుపట్టలేను. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దీన్ని దాదాపు అన్ని భారతీయ లిపులకీ ఉమ్మడిగా ఖరారు చేసింది. హిందీలో క ఎక్కడుందో తెలుగులోనూ, బెంగాలీలోనూ అక్కడే ఉంటుంది. ఒకటి వచ్చినవాడికి ఇంకోటి సగం వచ్చినట్టే. అది చిన్న విషయం కాదు. అయితే ఉమ్మడి కాపురంలో ఎవరో ఒకరికి వంటింటి పక్క గది వస్తుంది. మాటమాటకీ ద్విత్వం పలికే మన భాషకి పొల్లు ఎంత పడుతుందో ఆ అమరికలో విడిగా లెక్కకి రాదు.

లెక్క అంటే పెద్ద లెక్కేం కాదు. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు" అన్న సామెత తీసుకోండి. ఖాళీలు నాలుగు. పొల్లులు ఐదు. ఖాళీ కొట్టడానికి ఆరు మీటలంత పొడుగున్న బారు, దానికి కాపలాగా రెండు బొటనవేళ్ళు. అంతకంటే ఎక్కువసార్లు కొట్టే పొల్లుకి మామూలు మీటొకటి, అప్పటికే చాకిరీతో సతమతమవుతున్న మధ్యవేలు. పోనీ ఆ రెండు బొటనవేళ్ళూ పనిచేస్తాయా అంటే, నాకు ఖాళీ ఎప్పుడూ కుడి బొటనవేలితోనే అలవాటు. ఎడమది కుర్చీలో కూర్చుని జీతం తీసుకుంటుంది.

నా పాత కీబోర్డు మీద డి అక్షరం పూర్తిగా చెరిగిపోయింది. సాయంత్రానికి మధ్యవేలి కణుపు దగ్గర సలుపు. ఇదీ నా తగాదా.

కట్టక్కర్లేదేమో

ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న: పొల్లుని ఇంకో మీట మీదకి మార్చడానికి సాఫ్ట్‌వేర్ చాలదా? చాలు. పైసా ఖర్చు లేదు. నేనూ మొదట అదే చేశాను. క్యాప్స్ లాక్‌ని డి లాగా పనిచేయించాను. తెలుగులో క్యాప్స్ లాక్ అవసరం ఎలాగూ లేదు. బాగానే నడిచింది గానీ భారం మధ్యవేలి నుంచి చిటికెనవేలికి మారింది. పెద్దకోడలి పని చిన్నకోడలికి అప్పగించినట్టయింది. బొటనవేలికి ఇద్దామంటే దాని కింద ఉన్నది ఒక్కటే బారు. సాఫ్ట్‌వేర్ మీట పేరు మార్చగలదు, మీటని రెండు ముక్కలు చెయ్యలేదు.

అలా వెదుకుతుంటే ఆలిస్ అనే అమరిక కనిపించింది. మీటలు రెండు గుంపులుగా, కాస్త వాలుగా, ఎవరో కీబోర్డుని మధ్యలో విరిచి దగ్గరగా పెట్టినట్టు ఉంటుంది. దాంట్లో స్పేస్‌బార్లు రెండు. ఎడమది మామూలు మీటకి 2.25 రెట్లు, కుడిది 2.75 రెట్లు. ఎడమది పొల్లు, కుడిది ఖాళీ. చూడగానే "ఇదే" అనుకున్నాను.

ఇందులోనూ ఒక చిక్కు ఉంది, దాచను. ఆలిస్ కీబోర్డులు అన్నీ బిగించి, సిద్ధంగా కూడా అమ్ముతున్నారు. అది కొని ఎడమ స్పేస్‌బార్‌కి డి పేరు పెడితే అయిపోయేది. మరి కిట్టు తెప్పించి ఇంట్లో ఎందుకు కట్టాను? స్విచ్చులూ, కీక్యాపులూ (మీటల మీది తొడుగులు) నాకు నచ్చినవి వేసుకోవచ్చన్నది ఒక సాకు. అసలు కారణం మాత్రం వీడియోలే. ఆ చేతులు, ఆ చప్పుడు. లిఫ్టులో కుర్రాడికి నీతులు చెబుతున్నవాడు ఏడాది కిందట వాడిలాగే ఉన్నాడు.

స్విచ్చులకి నెల, స్టెబిలైజర్లకి గంట

స్విచ్చుల కోసం నెల రోజులు పాడుచేసుకున్నాను. చెర్రీ కంపెనీ ఎమ్మెక్స్ స్విచ్చులు 1980ల నాటివి. వాటి పేటెంటు గడువు 2014 ప్రాంతంలో తీరిపోయాక, అదే ప్లస్ గుర్తు కాడతో చైనా కంపెనీలు కుప్పలు తెప్పలుగా చేస్తున్నాయి. ఎరుపు అంటే సాఫీగా దిగేది, గోధుమరంగు అంటే మధ్యలో చిన్న గతుకు తగిలేది, నీలం అంటే టిక్కుమనేది. ప్రధానంగా రకాలు ఈ మూడే. ఇప్పుడు పేర్లు చూస్తే స్వీట్ల దుకాణం గుర్తొస్తుంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీకి వెళ్ళి ఒక దుకాణంలో పన్నెండు రకాలు బిగించిన చిన్న పలక మీద అరగంట వేళ్ళాడించాను. ప్రతిదీ ముందుదానికంటే బాగున్నట్టే అనిపించింది. చివరికి 45 గ్రాముల ఒత్తిడికి దిగే సాఫీ రకం, డెబ్భై తీసుకున్నాను. వాడటం మొదలుపెట్టిన మూడో రోజుకి వాటి సంగతే మర్చిపోయాను. చెప్పులు కొన్న రోజు కరిచినా కరవకపోయినా తెలుస్తుంది, వారం తర్వాత ఏదీ తెలీదు.

ఆ నెలలో ఒక్క పూటైనా అమరిక మీద పెట్టి ఉంటే ఇంకో పొరపాటు తప్పేది. ముచ్చటపడి ముందే ఒక కీక్యాప్ సెట్టు కొన్నాను. కిట్టు వచ్చాక చూస్తే, సెట్టులో ఉన్నది మామూలు పొడుగు స్పేస్‌బార్ ఒక్కటే. 2.25, 2.75 ముక్కలు లేవు. మళ్ళీ ఇంకో సెట్టు. మొదటిది ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది. పైన చెప్పిన 14,600లో దాని ఖరీదు లేదు. మా ఆవిడకి చెప్పిన లెక్కలోనూ లేదు.

స్విచ్చులకి గ్రీజు పుయ్యడం అని ఒక తతంగం ఉంది. ఒక్కో స్విచ్చుని విప్పితే పైడొప్ప, కాడ, స్ప్రింగు, కిందిడొప్ప విడివిడిగా వస్తాయి. సన్నటి కుంచెతో కాడ అంచులకి, డొప్పలో గాడులకి పల్చగా రాయాలి. రాగిరేకు తగిలే చోట అంటకూడదు. మళ్ళీ మూసెయ్యాలి. ఇలా డెబ్భై. అప్పుడే మా మేనత్త తెనాలి నుంచి వచ్చి ఉంది. తెలుగు టైపు లోయర్, హయ్యర్ రెండూ ప్యాసైన మనిషి. కళ్ళద్దాలు సర్దుకుని కాసేపు చూసి, "ఒరేయ్, ఏంట్రా అది, చెవిలో గుబిలి తీస్తున్నట్టు?" అంది.

చెప్పాను. పొల్లు సంగతీ చెప్పాను.

"మా మిషన్ మీద వత్తులకి వేరే మీటలుండేవి. నీకు లేవా?"

"లేవత్తా. మ కొట్టి, పొల్లు కొట్టి, మళ్ళీ మ కొట్టాలి."

"మరి అదేం అభివృద్ధిరా" అని, ఆగి, "అయినా ఇప్పుడు ఫోన్లో మాట్లాడితే అదే రాసేస్తోందిగా. మీ బావ వాట్సాప్‌లో అంతా అలాగే పంపుతాడు" అంది.

ఈ రెండో మాటకి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఉత్తరం ముక్కకి నోరు చాలు. నా పనికి చాలదన్నది నా అనుభవం. రాసిన వాక్యాన్ని మధ్యలో విరిచి, క్రియని వెనక్కి నెట్టి, ఒక విభక్తి మార్చి, మళ్ళీ పాతదే పెట్టుకోవడం నోటితో చేసే పని కాదు. ఇలా పనిచేసేవాళ్ళం ఎంతమంది మిగులుతాం అంటే, అత్తయ్య టైపు మిషనే కళ్ళ ముందు కనిపిస్తుంది. పదేళ్ళ తర్వాత నా ఆలిస్‌ని ఎవరైనా అలాగే చూడొచ్చు.

ఇరవైరెండు స్విచ్చులయ్యాక కుంచె పక్కన పెట్టేశాను. గ్రీజు పూసినవీ, ఫ్యాక్టరీలో పూసి పంపినవీ కళ్ళు మూసుకుని నొక్కి చూస్తే నాకు తేడా తెలియలేదు. మొదటిసారి కట్టేవాళ్ళు ఫ్యాక్టరీలోనే గ్రీజు పూసిన స్విచ్చులు తీసుకుని ఈ తతంగం వదిలెయ్యమనే నా సలహా. దీనికి చాలామంది ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా సరే.

గ్రీజు నిజంగా కావాల్సింది స్టెబిలైజర్లకి. పొడుగు మీటల్ని ఏ మూల నొక్కినా సమంగా దిగేలా చేసే ఉక్కు తీగ, రెండు చివర్లా రెండు ప్లాస్టిక్ పెట్టెలు. నా కిట్టులో ఐదు మీటలకి ఉన్నాయి: ఎంటర్, బ్యాక్‌స్పేస్, ఎడమ షిఫ్ట్, రెండు స్పేస్‌బార్లు. స్విచ్చు ఎంత గొప్పదైనా స్టెబిలైజర్ వదులుగా ఉంటే ఎంటర్ కొట్టినప్పుడల్లా చిల్లర డబ్బా ఊపినట్టు ఉంటుంది. తీగ ఏమాత్రం వంకర ఉన్నా అంతే. దాన్ని చదునైన గాజు మీద పెట్టి, ఒక కొస వేలితో తట్టి చూడాలి. రెండో కొస టిక్కుమని లేస్తే వంకర ఉన్నట్టు. మా ఆవిడ చేతి అద్దం మీద పెట్టి చూస్తే ఐదింటిలో రెండు లేచాయి. లేచినవాటిని చేత్తోనే కొద్దికొద్దిగా వంచుతూ, మళ్ళీ అద్దం మీద పెడుతూ, చప్పుడు ఆగేదాకా చేశాను. తర్వాత తీగ కొసలకి గ్రీజు గట్టిగా పట్టించాను. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. అంతా కలిపి గంట. స్విచ్చుల మీద గడిపిన నెలకంటే ఈ గంటే ఎక్కువ పనికొచ్చింది.

పప్పు ఉడకలేదు

బిగించడం చాలా తేలిక. నాది హాట్‌స్వాప్ రకం, సోల్డరింగ్ అక్కర్లేదు. స్విచ్చు కింద ఉన్న రెండు రాగి పిన్నుల్ని సాకెట్‌లో సూటిగా గుచ్చడమే. డెబ్భైలో మిగిలినవి తీసి డబ్బాలో వేసి, కీక్యాపులు పెట్టి, కేబుల్ తగిలించి, శుభమా అని మొదటి మాటగా "పప్పు" కొట్టాను. తెరమీద చుక్కల సున్నా ఒకటి వచ్చి, దానికి పొల్లూ కొమ్మూ వేలాడుతూ కనిపించాయి. ప పడలేదు. ఒక్కసారి కూడా.

హెచ్ మీట. కీక్యాప్ పీకి, పుల్లర్‌తో స్విచ్చు లాగి తిరగేస్తే, ఒక పిన్ను నిటారుగా ఉంది, రెండోది పొట్టకి అతుక్కుని పడుకుంది. గుచ్చేటప్పుడు కాస్త పక్కకి వాలినట్టుంది, నేను బలంగా నొక్కేశాను. కనుబొమలు తీసుకునే పట్టకారుతో పిన్నుని మెల్లగా లేపి, చదును చేసి, మళ్ళీ గుచ్చాను. ఈసారి పప్పు వచ్చింది. ఎలాగూ విప్పాను కదా అని తక్కినవీ ఒక్కొక్కటే నొక్కి చూసుకున్నాను. అన్నీ బతికే ఉన్నాయి. ఇదంతా ప్లేటుని కేసులో పెట్టి స్క్రూలు బిగించకముందే చూసుకోవాలి. నేను బిగించాక చూశాను. పిన్ను బాగానే సర్దుకుంది గానీ సాకెట్టే ఊడివచ్చి ఉంటే ఎనిమిది స్క్రూలూ మళ్ళీ విప్పాల్సి వచ్చేది.

తర్వాత మీటల పని మార్చే వయా అనే ప్రోగ్రాంలో ఎడమ స్పేస్‌బార్ బొమ్మ మీద నొక్కి, దానికి డి అని పెట్టాను. అర నిమిషం. ఈ మార్పు కీబోర్డు లోపలి చిప్‌లోనే ఉండిపోతుంది. ఏ కంప్యూటర్‌కి తగిలించినా దానికి తెలిసేది "డి నొక్కారు" అని మాత్రమే. ఆఫీసు కంప్యూటర్‌లో ఏదీ ఎక్కించనివ్వని చోట ఇదొక్కటే దారి. సాఫ్ట్‌వేర్ చాలదా అన్న ప్రశ్నకి ఇంకో సగం జవాబు ఇదే.

"అమ్మ" కొట్టాను. మొదటి అక్షరానికి మధ్యవేలు, తర్వాత సి, బొటనవేలు, సి. మళ్ళీ కొట్టాను. ఒక పేజీ నిండా అమ్మలే. మా ఆవిడ వెనకనుంచి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

తొంభైతొమ్మిది స్ప్రింగులు

సంబరం రెండు రోజులే. ఎడమ బొటనవేలికి ఊరికే కూర్చోవడం ఇన్నేళ్ళ అలవాటు కదా, వెళ్ళి స్పేస్‌బార్ మీదే కూర్చునేది. 45 గ్రాముల స్విచ్చుకి ఆ బరువు చాలు. "కలం" కొడితే "క్లం" అయ్యేది. "పని" కాస్తా "ప్ని". తెలుగులో అయితే కనిపిస్తుంది, దిద్దుకోవచ్చు. ఒకరోజు బ్యాంకు పాస్‌వర్డు కొడుతుంటే, తెరమీద చుక్కలే కదా, మధ్యలో ఎన్ని డిలు పడ్డాయో తెలీదు. మూడోసారికి ఖాతా తాళం పడింది.

మందు తేలికే. ఆ ఒక్క స్విచ్చులో గట్టి స్ప్రింగు వెయ్యాలి. 62 గ్రాములది సరిపోతుందనిపించింది. అయితే స్ప్రింగులు విడిగా అమ్మరు, వంద ప్యాకెట్టు. ఒకటి వేశాను. తొంభైతొమ్మిది సొరుగులో ఉన్నాయి. ఈ సరదా అంతటినీ ఒక్క బొమ్మలో చూపించాలంటే ఆ సొరుగు తీసి చూపిస్తాను. అవసరం ఒకటి, కొనుగోలు వంద. తగాదా ఉంటేనే కట్టమనడానికి ఇది కూడా కారణమే. తగాదా ఉన్నవాడికి ఆగాల్సిన చోటు తెలుస్తుంది. చప్పుడు వెంట పోయేవాడికి ఎప్పుడూ ఇంకో స్విచ్చు ఉంటుంది, ఇంకో ఫోమ్ ఉంటుంది, వెనక అంటించడానికి ఇంకో టేపు ఉంటుంది.

నిజానికి స్ప్రింగు మార్చాకే ఈ కీబోర్డు నాదైంది. ఒక్క వేలి కింద ఒక్క స్విచ్చు బరువు మార్చుకోవడం, కొన్న కీబోర్డులో అయితే నాకు తట్టేదే కాదు. విప్పినవాడిని కాబట్టి తట్టింది. పైన "అసలు కారణం వీడియోలే" అని రాశాను కదా, దాన్ని కొట్టెయ్యను. మొదలుపెట్టిన కారణం అదే. చివరికి ఉపయోగపడింది మాత్రం ఇది.

చప్పుడు ఎలా ఉంది అంటారా? బాగుంది. ఒకసారి ఫోన్లో రికార్డు కూడా చేశాను.

వేగం పెరిగిందా అంటే కొలవలేదు. కొలిస్తే పెద్దగా ఏమీ రాదని భయం. సలుపు తగ్గింది. పూర్తిగా పోలేదు, ఎందుకంటే అలవాటున మధ్యవేలు ఇంకా డి మీదకి పరుగెడుతూనే ఉంటుంది. పాతకాపు ఊరు వదలడు.

ఇంట్లో ఇంకో ఫిర్యాదు. మా ఆవిడ ఖాళీ కొట్టేది ఎడమ బొటనవేలితో. నా బల్ల మీద కూర్చుని మెయిల్ రాస్తే మాటమాటకీ మధ్య ఒక డి పడింది. ఆవిడ కోసం ఇంకో లేయర్ పెట్టి, మూల మీట నొక్కితే రెండూ స్పేస్‌బార్లే అయ్యేలా చేశాను. "ఇంట్లో ఇంకొకళ్ళు వాడటానికి వీల్లేని వస్తువు ఇదొక్కటే" అంది. నిజమే. నా చేతికి సరిగ్గా సరిపోయేలా చేసుకున్నానంటే, ఇంకెవరి చేతికీ సరిపోకుండా చేసినట్టే. పక్క ఫ్లాట్ కుర్రాడికి ఇది కూడా చెప్పాలి.

ఇంకెవరి చేతికీ సరిపోకపోవడం వరకూ అయితే బాగానే ఉండేది. దసరాకి విజయవాడ వెళ్ళినప్పుడు మా అక్క ఇంటి పన్ను గురించి మున్సిపాలిటీకి ఒక అర్జీ రాసిపెట్టమంది. వాళ్ళ లాప్‌టాప్‌లో కూర్చుని, అలవాటుగా తెర చూడకుండా గబగబా కొట్టి, ప్రింటు తీసి ఇచ్చాను. అక్క వాకిట్లో నిలబడి పైకి చదవడం మొదలుపెట్టింది.

"కమిషనర గారికి నమస కారం" అని ఆగి, కళ్ళద్దాలు పైకి తోసుకుని మళ్ళీ చూసింది. "కారం ఏంట్రా మధ్యలో?"

కాగితం తీసుకుని చూశాను. "ఇల లు", "పన ను", "ఎక కువ". పొల్లు పడాల్సిన ప్రతి చోటా ఒక ఖాళీ. మొత్తం పేజీ మళ్ళీ కొట్టాను, ఎడమ బొటనవేలిని బల్ల అంచుకి ఆనించి పెట్టుకుని.